ఒక కాగితంలో నలుగురి గొంతులు

యంత్రాల వాడకం పుస్తకాలు రాసే పనిలో కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. చాలామంది అడిగేది ఒకటే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మాటతీరు ఒకేలా ఉండాలని అంత పట్టుదల ఎందుకు, చదివినవాడికి అర్థమైతే చాలదా అని.

చాలదు. అర్థం కావడం వేరు, నమ్మడం వేరు. కరోనా రెండో ఏడు ఎండాకాలంలో, సూరత్‌లో, నవాగామ్‌లోని ఒక అద్దె గదిలో నర్సయ్య అనే మరమగ్గాల కార్మికుడు ఊపిరి అందక పడుకుని ఉన్నాడు. పక్కన కూర్చున్న అతని భార్య భాగ్య చేతిలో మేమిచ్చిన కాగితం ఉంది. అందులో ప్రతి అక్షరమూ ఆమెకు అర్థమైంది. అయినా తీసుకుపోవలసిన సమయంలో అతన్ని ఆస్పత్రికి తీసుకుపోలేదు. ఎందుకంటే ఆ ఒక్క కాగితంలో మేం నలుగురం నాలుగు గొంతులతో మాట్లాడాం. ఎవరి మాట వినాలో ఆమె తేల్చుకుంది. తప్పుగా తేల్చుకుంది. అలా తేల్చుకునేట్టు చేసింది మేము.

ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. "చదివేవాడు అజాగ్రత్తగా ఉన్నాడు" అన్న మాట విన్నన్ని సార్లు మరే మాటా వినలేదు. ఆ మాట అన్నవాళ్లెవరూ రాసినవాడు ఎలా ఉన్నాడని అడగలేదు. నా ప్రమోషన్లు, నాకు కప్పిన శాలువలు ఎవరికీ పనికిరావు కాబట్టి వాటి గురించి రాయను. పనికొచ్చే రెండు మూడు సంగతులు రాస్తాను.

మూత తెరిస్తే బాగుంటుంది

నేను తెనాలి వైపువాణ్ణి. చిన్నప్పుడు మా నాన్న నన్ను హేతువాద సభలకు తీసుకుపోయేవాడు. ఒకవైపు శాస్త్రం చదివిన పండితుడు, మరోవైపు చొక్కా చేతులు మడిచిన మా పక్షం వాళ్లు. పండితుడు మొదట గద్దించేవాడు. ప్రశ్న గట్టిగా తగిలితే గొంతు మార్చి బుజ్జగించేవాడు, ఇంకా తగిలితే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. సభ జాలిపడి చప్పట్లు కొట్టేది. మా పక్షాన వాదించే ఒక పెద్దాయన ఇంటికి వస్తూ దారిలో చెప్పేవాడు: గొంతు మారినచోట ఆగి చూడరా, అక్కడేదో దాస్తున్నాడు. నా వృత్తికి అంతకు మించిన చదువు నాకెక్కడా దొరకలేదు.

సూరత్‌లో నేను పనిచేసిన కంపెనీ బట్టలకు రంగులద్దే యంత్రాలు తయారుచేసేది. ఆ యంత్రం పెద్ద పీపాలా ఉంటుంది. లోపల నీళ్లు మరుగుడును మించిన వేడితో, ఆవిరి ఒత్తిడితో బట్టకు రంగు పట్టిస్తాయి. పని అయ్యాక చల్లారాలి, ఒత్తిడి పూర్తిగా పోవాలి, ఆ తర్వాతే మూత తియ్యాలి. ముందే తీస్తే లోపలి నీళ్లు తీసినవాడి మీదికి దూకుతాయి. దీన్ని రాయడానికి పాండిత్యం అక్కర్లేదు. "ఒత్తిడి ముల్లు సున్నా మీదికి వచ్చేదాకా మూత తెరవకండి." అంతే.

మా అమ్మకాల విభాగానికి పెద్ద కిరీట్‌భాయ్ అనే ఆయన. తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ టీ. ఆయనకు నా పుస్తకం చదివితే పోలీసు ఠాణాకు పోయినట్టుండేదట. కొనుగోలుదారు మనకు దేవుడు కదా మాస్టర్‌జీ, దేవుడికి ఆజ్ఞలు వేస్తామా అని అడిగేవాడు. దేవుడికైతే చేతులు కాలవు, మనం రాసేది కాలే చేతులున్నవాడికి అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. నవ్వి తన పని తాను చేసేవాడు.

ఒకసారి ఒక పెద్ద మిల్లుకు యంత్రాలు వెళుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఆయన పెన్సిలు పట్టుకుని నా పుస్తకాన్ని మెత్తగా చెయ్యడానికి కూర్చున్నాడు. కొన్ని పేజీలు చేశాడు, ఎవరో పిలిస్తే లేచాడు, మళ్లీ కూర్చోలేదు. నాకు చూపించకుండానే అచ్చుకు పోయింది. మూత పేజీ ఆయన చేతిలో పడింది. "ఒత్తిడి పూర్తిగా తగ్గాక మూత తెరిస్తే బాగుంటుంది" అయింది. పక్క పేజీ ఆయన చూడలేదు. అక్కడ నా వాక్యం అలాగే ఉంది: "తొడుగులు లేకుండా తడి బట్టను ముట్టుకోకండి."

ఆ మిల్లులో ఒత్తిడి పోకముందే మూత తీసిన ఒక ఆపరేటర్ చేతులు మోచేతుల దాకా కాలాయి. తొడుగులు మాత్రం వేసుకునే ఉన్నాడు.

విచారణలో మా ఇంజనీరు వెంటనే అజాగ్రత్త అన్నాడు. నేను పుస్తకం బల్ల మీద పెట్టి రెండు పేజీలూ పైకి చదివాను. ఒక పేజీలో 'ముట్టుకోకండి' అన్నవాడు పక్క పేజీలో 'బాగుంటుంది' అంటే వినేవాడు ఏమనుకుంటాడు? మొదటిది తప్పదు, రెండోది మన ఇష్టం అనుకుంటాడు. ఆ మనిషి అజాగ్రత్తగా చదవలేదు, చాలా జాగ్రత్తగా చదివాడు అన్నాను. గదిలో ఎవరికీ నచ్చలేదు. వచ్చే ముద్రణలో ప్రతి వాక్యానికీ 'దయచేసి' పెట్టిద్దాం అన్నాడు కిరీట్‌భాయ్. పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు, అన్నిటికీ పెట్టండి, లేకపోతే అన్నిట్లోంచీ తీసెయ్యండి అన్నాను. నేను మర్యాదకు శత్రువునని అప్పటిదాకా అనుకున్న ఆయన బిత్తరపోయాడు.

ఈ తేడా చాలామందికి ఎక్కదు. మర్యాద అన్ని వాక్యాల్లో ఉంటే అది మర్యాద. ఒక్క వాక్యంలోనే ఉంటే అది అనుమతి.

పుస్తకం మొదటి పేజీలో స్వస్తిక్, 'శుభ్ లాభ్' ఉండాలని మా కంపెనీ సేఠ్ పట్టు. నేను చాలా ఏళ్లు పోట్లాడాను, ఓడాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఓటమికి నాకు పెద్ద బాధ లేదు. దేవుడు మొదటి పేజీలో ఉన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు. మూత పేజీలోకి వస్తేనే ప్రమాదం.

పెళ్లికి పిలిచే బోర్డు

కరోనా మొదటి ఏడు లాక్‌డౌన్ ఎత్తేశాక, ఊళ్లకు నడిచి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్న రోజుల్లో, సూరత్‌లోనే ఉధ్నాలో మరమగ్గాల షెడ్డు నడిపే ఒకాయన జాగ్రత్తల బోర్డు రాసిపెట్టమని నన్ను అడిగాడు. గుజరాతీ, హిందీ, ఒడియా, తెలుగు. ఒడియా ఇంకొకరితో రాయించాను. తెలుగులో రాసింది చాలా చిన్నది: "షెడ్డులో ఉన్నంతసేపు ముక్కు, నోరు కప్పే మాస్కు తియ్యకండి."

కొన్నాళ్లకు చూద్దామని వెళ్లాను. మగ్గాల మోత చెవులు చిల్లులు పొడుస్తోంది. బోర్డు తళతళలాడుతోంది. కానీ మాట మారింది: "దయచేసి మాస్కు ధరించి మాతో సహకరించ ప్రార్థన." దాని పక్కనే, నూనె మరకలతో, పాత అట్ట మీద చేతిరాత: "బీడీ తాగినోడు రేపటి నుంచి పనికి రానక్కర్లేదు."

నర్సయ్యను నేను మొదట చూసింది అక్కడే. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు, మాస్కు గడ్డం కింద ఉయ్యాలలా వేలాడుతోంది. మోతకు దూరంగా గుమ్మం దగ్గరికి పిలిచి, బోర్డు చదివావా అని అడిగాను. చదివానని, మంచిగా రాశారని మెచ్చుకున్నాడు. మరి మాస్కు ఎందుకు దింపావన్నాను.

"గది సాబ్ లోగ్ వచ్చినప్పటి బోర్డు సారు. గా బీడీది సూడున్రి, గది మా బోర్డు. మాకు జెప్పేదుంటే సేఠ్ గిట్ల బతిమాలుతడా? పెండ్లికి పిలిచినట్టున్నది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఒళ్లు మండింది. నవ్వులాటగా అన్నా అతను చెప్పింది ఆ షెడ్లన్నిటిలో నడిచే పద్ధతి. తనిఖీకి వచ్చేవాళ్ల కోసం అంటించేవి తీయగా ఉంటాయి. నిజంగా జరగాలనుకున్నవి తిట్టినట్టు ఉంటాయి. ఏళ్ల తరబడి ఈ రెండు రకాల గోడలను చదివినవాళ్లకు, మాట ఏం చెబుతోందో చూడకముందే, ఎవరి కోసం చెబుతోందో తెలిసిపోతుంది. మాట ఎందుకు మార్చావని షెడ్డు యజమానిని అడిగితే, ఇన్స్పెక్టర్ బోర్డు చూసి చాలా సంతోషించాడని చెప్పాడు. ఇన్స్పెక్టర్‌కు ఏమీ అంటుకోలేదు కాబోలు. షెడ్డులో సగంమందికి అంటుకుంది.

సంఘం కాగితం

మరుసటి ఏడు ఎండాకాలం నేను ఉద్యోగం నుంచి దిగిపోయాను. సూరత్ ఆస్పత్రుల ముందు అంబులెన్సులు వరుస కట్టిన రోజులవి. లోపల మంచాలు లేవు.

నవాగామ్‌లో తెలుగువాళ్ల సంఘానికి ఒక చిన్న హాలు ఉండేది. దాని అధ్యక్షుడు గంగారాం. ఒకప్పుడు మగ్గం నడిపినవాడే, తర్వాత కార్మికులకు అన్నం పెట్టే మెస్ పెట్టుకున్నాడు. ఆ నెలల్లో జబ్బుపడ్డ ఇళ్లకు టిఫిన్ డబ్బాలు పంపి, ఎవరినీ పైసా అడగలేదు. మంచివాడు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత అతన్ని తిట్టబోతున్నాను.

గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకు అందించే యంత్రాలు కొన్ని సంఘం సంపాదించింది. మంచం దొరకని ఇళ్లకు వాటిని, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే మీటరును అరువిచ్చేవాళ్లు. వాడకం కాగితం రాసిపెట్టమని గంగారాం నన్నడిగాడు. ఏమేం చెప్పాలో డాక్టర్ స్వాతి ఫోన్లో చెప్పింది. గుంటూరు పిల్ల, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొత్తగా చేరింది. ఆ రోజుల్లో ఎప్పుడు నిద్రపోయేదో తెలియదు.

నేను అర పేజీ రాశాను. అన్ని వాక్యాలకూ ఒకటే ఎత్తు. గొట్టం ఎలా పెట్టాలి, మీటరు ఎలా చూడాలి. చివర: "యంత్రం నడుస్తున్నా అంకె తొంభై కంటే తగ్గితే ఆస్పత్రికి తీసుకుపొండి. ఎదురు చూడకండి."

అచ్చయిన కాగితం ఫొటో గంగారాం వాట్సాప్‌లో పంపేసరికి యంత్రాలతో పాటు అది ఇళ్లకు చేరిపోయింది. నా చివరి వాక్యం లేదు. దాని చోట "అంకె తొంభై కంటే తగ్గిన పక్షంలో దయచేసి మీ వైద్యుని సంప్రదించగలరు" అని ఉంది. అది స్వాతి మార్పు. అచ్చు ఖర్చు ఇచ్చిన బట్టల వ్యాపారి ఒకాయన ఇంకో వాక్యం చేర్పించాడు: "యంత్రానికి ఏమైనా అయితే తీసుకున్నవాళ్లదే బాధ్యత, ఒక్క మాట కూడా వినబడదు." అన్నిటికీ కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో గంగారాం: "ధైర్యమే అసలు మందు. భయపడితేనే రోగం ముదురుతది. మనమంతా ఉన్నం, ఏం కాదు."

నేను మొదట స్వాతికి ఫోన్ చేశాను. ఆమె విసుక్కోలేదు, అలసిపోయిన గొంతుతో అడిగింది.

"మంచం లేని ఆస్పత్రికి రమ్మని ఆజ్ఞ ఎలా ఇస్తాం అంకుల్? వచ్చి గేటు బయట చచ్చిపోతే?"

"మంచం లేకపోవడం నిజం. ఆ నిజం కూడా రాద్దాం. దాన్ని 'సంప్రదించగలరు'లో దాచిపెడితే గదిలో చచ్చిపోతారు."

అటు ఎవరో పిలిస్తే ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత గంగారాంకు చేశాను. అతను చాలా మాట్లాడాడు.

"సారు, మావోళ్లు సగం రోగంతోని సస్తున్నరు, సగం భయంతోని సస్తున్నరు. మీ కాగితం సదివితే ఉన్నోళ్లు గూడ పోతరు. జర ధైర్యం జెప్తే మీకేం పోయింది?"

అతని మాటలో నిజం లేకపోలేదు. ఆ వారాల్లో భయం కూడా మనుషుల్ని తిన్నది. కానీ కాగితాలు వెనక్కి తెప్పించమంటే అతను ఒప్పుకోలేదు. సారుకు దేవుడన్నా పడదు, ధైర్యమన్నా పడదు అని హాల్లో ఎవరితోనో అన్నాడట. అది నాకు మరునాటికే చేరింది. ఇలాంటివి ఆలస్యం లేకుండా చేరతాయి.

యంత్రాలు తీసుకున్న ఇళ్ల ఫోన్ నంబర్లు మాత్రం అడిగి తీసుకున్నాను. మా కంపెనీలో నాకొక అలవాటు ఉండేది. పుస్తకం అయ్యాక ఒక ఆపరేటర్‌ను పిలిచి చదవమనేవాణ్ణి. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. చదివినవాణ్ణి 'అర్థమైందా' అని ఎప్పుడూ అడగకండి. అడిగితే అందరూ అయిందనే అంటారు, కాలేదంటే చిన్నతనం కదా. 'ఇప్పుడు నువ్వేం చేస్తావు' అని అడగండి. మీ పుస్తకం బతుకు అప్పుడు బయటపడుతుంది.

భాగ్య చదివిన తీరు

ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేస్తూ పోతే, కొన్ని ఇళ్ల తర్వాత భాగ్య ఎత్తింది. భర్త పేరు నర్సయ్య అనగానే గడ్డం కింద మాస్కు గుర్తుకొచ్చింది. ఆమె సూరత్‌లోనే పుట్టింది, మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకుంది. కాగితం చదవమంటే ఎక్కడా తడుముకోకుండా చదివింది. మీటరులో అంకె ఎంతుందని అడిగాను. ఎనభై ఆరు అంది. పొద్దున కొంచెం ఎక్కువ ఉండెనంది. కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

అంకె తొంభై కంటే తగ్గితే ఏం చెయ్యాలని రాసుందమ్మా అని అడిగాను.

"వైద్యుని సంప్రదించగలరు అని రాసున్నది."

"మరి?"

"గది అందరు రాస్తరు గద సారు. దవాఖానోళ్లు గట్లనే రాస్తరు. కింద గంగారామన్న రాసిండు, భయపడితేనే ముదురుతదని. ఈయన గూడ ఏం గాలేదంటున్నడు. మషీన్ ఇడిసి యాడికి పోవాలె, గదికి తాళం గూడ సక్కగ లేదు. ఏమన్నైతే మాదే జిమ్మేదారి అని రాసిన్రు."

నేను కాగితం మీద ఇన్నేళ్లు చెప్పిన పాఠం నాకే ఆమె అప్పజెబుతున్నట్టుంది. డాక్టరు మాట సాబ్ లోగ్ కోసం అంటించిన బోర్డు. వ్యాపారి మాట బీడీ అట్ట, అందువల్ల అదే నిజం. గంగారాం మాట అయినవాడి మాట, అందువల్ల అదే నమ్మదగింది. ఎదురు చూడకండి అన్న నా మాట ఎక్కడా లేదు. ఊపిరి కోసం కొట్టుకుంటున్న మనిషి పక్కన కూర్చుని ఆమె యంత్రానికి కాపలా కాస్తోంది.

నేను గొంతు పెంచాను. ఆ కాగితం మొదట రాసింది నేనేనని, అందులో నా మాట తీసేశారని, యంత్రం పోతే నేను జవాబు చెప్పుకుంటానని, ఇప్పుడే, ఈ నిమిషమే ఆస్పత్రికి బయలుదేరమని చెప్పాను.  అటునుంచి యంత్రం గురగుర వినిపించింది.

"మీరు ఇంత గట్టిగ అంటున్నరు, మరి కాగితంల గంత మెత్తగ ఎందుకు రాసిన్రు సారు?"

ముందు బయలుదేరమ్మా అన్నాను. పక్కగది ఆటో డ్రైవర్ తన బండిలో ఎక్కించుకున్నాడు. నేను స్వాతికి ఫోన్ చేశాను. ఆమె తన ఆస్పత్రి గేటు దగ్గర ఎవరితో ఏం మాట్లాడిందో తెలియదు, వాళ్లను చాలాసేపు బయట చెట్టు కింద కూర్చోబెట్టి, చివరికి లోపల ఒక మూల చోటు చేసింది. యంత్రాన్ని సంఘం హాలుకు చేర్చడానికి నేనే వెళ్లాను. దానికి ఒక్క గీత కూడా పడలేదు. వ్యాపారికి ఆ సంగతి స్వయంగా ఫోన్ చేసి చెప్పాను. ఆయన సంతోషించాడు. నర్సయ్య ఎలా ఉన్నాడని అడగలేదు.

నర్సయ్య బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. భాగ్య గేటు బయట పడుకునేది. గంగారాం ఆమెకు రెండు పూటలా అన్నం పంపాడు, ఇంకా ఆగి ఉంటే కష్టమయ్యేదని స్వాతి చెప్పింది విన్నాడు, అయినా కాగితం మార్చలేదు. నాకు అతని మీద గౌరవం, కోపం ఒకేసారి పెరుగుతూ వచ్చాయి. అలాంటి మనిషితో వాదించడం కంటే దుర్మార్గుడితో వాదించడం తేలిక.

నర్సయ్య చెప్పింది

చాలా రోజులకు నర్సయ్య ఇంటికొచ్చాడు. సగం మనిషయ్యాడు. మగ్గం మోతలో నిలబడే సత్తువ లేదు, కానీ బతికాడు.

రెండోసారి కాగితాలు అచ్చు వెయ్యడానికి సంఘం హాల్లో కొద్దిమంది కలిశారు. తలుపులు తెరిచి, దూరం దూరంగా కుర్చీలు వేశారు. నర్సయ్య, భాగ్య కూడా వచ్చారు. గంగారాం లేచి, మన నర్సన్నను నిలబెట్టింది ఆయన ధైర్యమే, కాబట్టి ఆ మాట కాగితంలో ఇంకా పెద్దగా వెయ్యాలి అన్నాడు. చప్పట్లు పడ్డాయి.

నేను లేచాను. తెనాలి సభల్లో నేర్చినదంతా బయటికి తీశాను. ఒకే కాగితంలో ఒకడు ఆజ్ఞాపించి, ఒకడు ప్రార్థించి, ఒకడు బెదిరించి, ఒకడు బుజ్జగిస్తే చదివేవాడి గతేమిటని అడిగాను. ధైర్యం రక్తంలో ఆక్సిజన్ పెంచుతుందని ఎక్కడ తేలిందని అడిగాను. మూత పేజీ సంగతి కూడా చెప్పాను, ఆ హాల్లో ఎవరికీ రంగుల యంత్రంతో పని లేకపోయినా. కొంచెం ఎక్కువే మాట్లాడాను. మాట్లాడేకొద్దీ ముఖాలు మూసుకుపోవడం కనిపించింది. నేను గెలుస్తున్నాను, వాళ్లు గంగారాం వైపు పోతున్నారు. సభల్లో ఇది నాకు కొత్త కాదు.

నర్సయ్య చెయ్యెత్తాడు. నిలబడబోతే భాగ్య చొక్కా పట్టి కూర్చోబెట్టింది. కూర్చునే, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు.

"అన్నా, నీ మాట మీద నాకు కోపం లేదు. నీ బువ్వ తిన్నం. కని గా ధైర్యమే నన్ను సంపుతుండె. నాకు దమ్ము అందుతలేదు. ఈమెకు జెప్పలే. చెప్తే భయపడ్డట్టే గద. గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్న. భయపడితే ముదురుతదని రాసినవు. ముదిరితే గది గూడ నా తప్పే అయితదని నోరు మూసుకున్న."

భాగ్య అతని వైపు చూసింది. ఈ మాట ఆమెకూ కొత్తదే అని ఆ చూపులో తెలిసింది. ఏం గాలేదు ఏం గాలేదు అన్నవు గదా అంది మెల్లగా, తిట్టినట్టు. అతను తల దించుకున్నాడు.

నేను ఇన్నాళ్లూ ఆ కాగితాన్ని భాగ్య ఎలా చదివిందా అనే ఆలోచించాను. మంచం మీద ఉన్నవాడు ఎలా చదివాడో నాకు తట్టనే లేదు. ఆమెకు ఆ వాక్యం ఊరట. అతనికి నోటికి వేసిన తాళం. చెయ్యవలసిన పని చెప్పే కాగితంలో మనిషి ఎలా ఉండాలో చెప్పే వాక్యం ఒకటి దూరితే, అలా ఉండలేనివాడు దాక్కుంటాడు. నా సుదీర్ఘ ఉపన్యాసంలో ఈ ఒక్క ముక్క లేదు.

 గంగారాం నా వైపు తిరిగి అడిగాడు.

"మరి ధైర్యం ఎవరు జెప్పాలె సారు? ఈడ మావోళ్లకు ఎవరున్నరు?"

"మీరే చెప్పండి. ఫోన్ చేసి చెప్పండి. వాళ్లు మీకు తిరిగి జవాబు చెప్పగలిగేచోట చెప్పండి. కాగితం అవతలివాడి ఊపిరి వినలేదు."

  అతను అందరికీ టీ తెప్పించాడు.

కొత్త కాగితం నేనూ స్వాతీ కూర్చుని రాశాం. ప్రార్థన లేదు, బెదిరింపు లేదు, ఓదార్పు లేదు. తీసేసిన నా చివరి వాక్యం తిరిగి వచ్చింది. "ఊపిరి అందకపోతే వెంటనే పక్కన ఉన్నవాళ్లకు చెప్పండి" అన్న వాక్యం గొట్టం ఎలా పెట్టాలో చెప్పిన గొంతుతోనే రాశాం. "ఆస్పత్రిలో మంచం కోసం ఆగాల్సి రావచ్చు. అయినా వెళ్లండి" అని స్వాతి తనే చేర్చింది. యంత్రం బాధ్యత సంఘానిదని రాశాం. వ్యాపారి అలిగి అచ్చు ఖర్చు మానుకున్నాడు. గంగారాం మెస్ డబ్బుతో అచ్చు వేయించాడు, ఒక్క అక్షరం మార్చకుండా.

ఆ వానల్లో ఒక పొద్దున నేను అతని మెస్‌కు వెళ్లాను. ఒక చేత్తో పప్పు వడ్డిస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి కోసాడ్‌లోని ఎవరింటితోనో మాట్లాడుతున్నాడు. అరే తమ్మీ అంటున్నాడు, రాత్రి తిన్నవా అంటున్నాడు, కొమురెల్లి మల్లన్న ఉన్నడంటున్నాడు, ఏదో పాత పరాచికం చెప్పి తానే నవ్వుతున్నాడు. నేను మూల బల్ల దగ్గర కూర్చుని లోలోపల చిరాకు పడుతున్నాను. అప్పుడు అంకె ఎంతున్నదని అడిగాడు. విన్నాడు. గరిట కింద పెట్టాడు. గోడకు అంటించిన కాగితం దగ్గరికి నడిచి, వేలు పెట్టి, బడిపిల్లాడిలా చదివాడు.

"ఆస్పత్రికి తీసుకుపొండి. ఎదురు చూడకండి."

అవతల ఎవరో ఏదో అంటున్నారు. బతిమాలుతున్నట్టుంది, సాయంత్రం దాకా చూద్దామంటున్నట్టుంది. గంగారాం తమ్మీ అనలేదు, మల్లన్న అనలేదు. వేలు తియ్యకుండా అదే మాట అదే గొంతుతో మళ్లీ చదివాడు.